చార్జింగ్ పెడితే ల్యాప్‌టాప్ కాలిపోతోందా? కూలింగ్ ప్యాడ్, చార్జర్, బ్యాటరీల్లో దేనికి డబ్బు పెట్టాలి

ల్యాప్‌టాప్ వేడెక్కుతోందని షాపుకి వెళ్తే ముందు చేతిలో పెట్టేది కూలింగ్ ప్యాడ్. దాంతో తగ్గకపోతే ఫ్యాన్ క్లీనింగ్, అప్పటికీ తగ్గకపోతే కొత్త చార్జర్, ఆఖరికి బ్యాటరీ. ఈ వరుసలో వెళ్తే మూడు చోట్ల చేతి చమురు వదిలాక గానీ అసలు జబ్బు దొరకదు. చార్జింగ్ పెట్టినప్పుడు మాత్రమే వచ్చే వేడికి కారణాలు మూడే: బ్యాటరీ సెల్స్ తమంతట తామే వేడెక్కడం, ప్రాసెసర్ వేడి పక్కనే ఉన్న బ్యాటరీకి పాకడం, చార్జర్ లేదా దాని పిన్ దగ్గర లోపం. మూడింటికీ మందు వేరు. ముందు ఏది మీదో తేల్చుకుంటే సగం ఖర్చు అక్కడే మిగులుతుంది. చాలా సందర్భాల్లో అసలు ఖర్చే ఉండదు.

ముందు అరగంట పరీక్ష

ల్యాప్‌టాప్‌ని బోర్లా తిప్పి చూడండి. స్క్రీన్ మడత వైపు గాలి జాలీ ఉంటుంది. ఫ్యాన్, ప్రాసెసర్ ఆ వైపే. టైప్ చేసేటప్పుడు అరచేతులు ఆనే వైపు, టచ్‌ప్యాడ్ చుట్టుపక్కల ఉండేది బ్యాటరీ. దాదాపు ఈమధ్య వచ్చిన మోడళ్లన్నిటిలో ఏర్పాటు ఇదే. వేడి ఏ సగంలో ఉందన్నదే మొదటి ఆధారం.

చార్జ్ 30 శాతానికి దిగాక ల్యాప్‌టాప్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేయండి. విండోస్‌లో షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని షట్‌డౌన్ నొక్కితేనే పూర్తిగా ఆగుతుంది. మామూలుగా ఆపితే కొన్ని సిస్టమ్స్ సగం నిద్రలోనే ఉంటాయి. బల్ల మీద పెట్టి అరగంట చార్జ్ చేసి, అరచేతుల వైపు అడుగుభాగాన్ని ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే సెల్స్ బాగున్నట్టే. సిస్టమ్ ఆగి ఉన్నా అక్కడ చెయ్యి నాలుగైదు సెకన్లకు మించి ఆనించలేకపోతే అనుమానం బ్యాటరీ మీదకే వెళ్లాలి, ఎందుకంటే ఆ సమయంలో లోపల పనిచేస్తున్నది బ్యాటరీ, దాన్ని నింపే చిన్న సర్క్యూట్ తప్ప మరేమీ లేదు.

రెండో పరీక్ష దీనికి తిరగేసింది. బ్యాటరీ నిండి చార్జింగ్ ఆగాక, చార్జర్ తగిలించే ఉంచి, మీరు రోజూ చేసే బరువైన పని ఇరవై నిమిషాలు చేయండి: వీడియో కాల్, ముప్పై ట్యాబ్‌లు, గేమ్, ఏదైనా సరే. అప్పుడూ అదే మంట వస్తుంటే అది చార్జింగ్ వేడి కాదు, ప్రాసెసర్ వేడి. బ్యాటరీ మారిస్తే ఏమీ తగ్గదు.

మూడోది చార్జర్ ఇటుక (వైరు మధ్యలో ఉండే డబ్బా), పిన్. ఇటుక వేడెక్కడం సహజమే. కానీ ప్లాస్టిక్ వాసన రావడం, పిన్ కదిపితే చార్జింగ్ పోయి రావడం, సాకెట్ చుట్టూ గోధుమ రంగు మచ్చ పడటం సహజం కాదు. వదులైన పిన్ దగ్గర కాంటాక్ట్ సరిగా ఉండదు, కరెంటు అంతా ఆ చిన్న చోటునే వేడి చేస్తుంది. దీనికి మార్చాల్సింది డీసీ జాక్, అంటే ల్యాప్‌టాప్‌లో పిన్ దూరే సాకెట్. చాలా మోడళ్లలో అది చిన్న వైరుతో విడిగా వస్తుంది కాబట్టి పని తేలిక. బోర్డు మీదే సోల్డర్ చేసి ఉంటే మాత్రం చెయ్యి తిరిగిన మెకానిక్ కావాలి.

ఎంత వేడి ఎక్కువ

లిథియం అయాన్ సెల్‌ని చార్జ్ చేయదగ్గ ఉష్ణోగ్రత సాధారణంగా 0 నుంచి 45 డిగ్రీల సెల్సియస్. వాడేటప్పుడు 60 దాకా తట్టుకుంటుంది, నింపేటప్పుడు మాత్రం 45 దాటకూడదు. ప్రాసెసర్‌కి 90 డిగ్రీలు కూడా మామూలే. ఈ రెండు అంకెలను కలిపేసి చూడటం వల్లే గందరగోళం వస్తుంది. ఏదో సాఫ్ట్‌వేర్‌లో 88 కనిపించగానే బ్యాటరీ పేలుతుందని భయపడతారు, అది చిప్ ఉష్ణోగ్రత. బ్యాటరీది విడిగా చూపించే సాఫ్ట్‌వేర్ కొన్నిటికే ఉంది. లెనోవో వాంటేజ్‌లో బ్యాటరీ వివరాల దగ్గర డిగ్రీల్లోనే కనిపిస్తుంది.

రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో ఇంట్లోనే 38 డిగ్రీలు ఉంటే బ్యాటరీకి మిగిలే వెసులుబాటు ఏడు డిగ్రీలే. అందుకే జనవరిలో లేని సమస్య వేసవిలో పుట్టుకొస్తుంది. ప్లగ్ పెట్టి ఉన్నా చార్జ్ ఎక్కడం లేదని సందేశం వస్తే అది చాలాసార్లు లోపం కాదు. ప్యాక్‌లో ఉండే ఉష్ణోగ్రత సెన్సర్ చూసి సర్క్యూటే చార్జింగ్ ఆపేసింది. గది చల్లబడ్డాక మళ్లీ ఎక్కితే బెంగ పడక్కర్లేదు.

వేడి లెక్క ఒకసారి చూద్దాం

మూడు సెల్స్, 11.4 వోల్టుల ప్యాక్ తీసుకుందాం. సిస్టమ్ ఆగి ఉండగా 40 వాట్లతో నిండుతోందంటే ప్రవాహం దాదాపు 3.5 ఆంప్స్. కొత్త ప్యాక్ లోపలి నిరోధం 0.15 ఓమ్ అనుకుంటే వేడిగా మారేది 3.5 ఇంటూ 3.5 ఇంటూ 0.15, అంటే 1.8 వాట్లు. ముసలి ప్యాక్‌లో నిరోధం 0.4కి పెరిగితే అదే కరెంటుకి వేడి 4.9 వాట్లు. ఫ్యాన్ లేని, గాలి ఆడని పలచటి సంచి లాంటి ప్యాక్‌లో ఐదు వాట్లంటే తక్కువేం కాదు. బ్యాటరీ పాతబడేకొద్దీ వేడెక్కడానికి మూలం ఇదే.

ఇక్కడే ఖర్చులేని మందు కూడా దొరుకుతుంది. కరెంటు సగమైతే వేడి సగం కాదు, పావు అవుతుంది. అదే ముసలి ప్యాక్‌ని 20 వాట్లతో నింపితే వేడి 1.2 వాట్లే. కాబట్టి చార్జింగ్ నెమ్మదిగా జరిగేలా చేయడం ఏ కూలింగ్ ప్యాడ్ కన్నా గట్టి పని. వేగంగా నింపడం, చల్లగా ఉంచడం రెండూ ఒకేసారి కుదరవు, ఒకటి వదులుకోవాల్సిందే.

పైసా ఖర్చులేని దారి: సెట్టింగ్స్

వేగపు చార్జింగ్ ఆపడం, చార్జ్ పరిమితి పెట్టడం, ఈ రెండూ ముందు చేయాలి. లెనోవో ఐడియాప్యాడ్‌లో వాంటేజ్ తెరిచి ర్యాపిడ్ చార్జ్ ఆపి కన్సర్వేషన్ మోడ్ పెట్టండి. రెండూ ఒకేసారి పనిచేయవు. థింక్‌ప్యాడ్‌లో చార్జ్ ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో శాతాల్లో ఇచ్చుకోవచ్చు. డెల్‌లో ఆన్ చేసేటప్పుడు ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్ తెర) వెళ్తే బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఎక్స్‌ప్రెస్ చార్జ్, స్టాండర్డ్, ఎక్కువగా కరెంటు మీదే వాడేవారికి ఒకటి, కస్టమ్ అని ఉంటాయి. ఎక్స్‌ప్రెస్ చార్జ్ తీసేసి కస్టమ్‌లో 50 దగ్గర మొదలు, 80 దగ్గర ఆపు అని పెట్టండి. హెచ్‌పీలో ఎఫ్10 నొక్కితే వచ్చే బయోస్‌లో బ్యాటరీ హెల్త్ మేనేజర్ ఉన్న మోడళ్లు 80 శాతానికి ఆపుతాయి. ఆసుస్‌లో మైఆసుస్, ఏసర్‌లో కేర్ సెంటర్ తెరిస్తే అదే 80 శాతం ఏర్పాటు కనిపిస్తుంది. మ్యాక్‌బుక్‌లో ఆప్టిమైజ్డ్ బ్యాటరీ చార్జింగ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకుంటే చాలు.

80 దగ్గర ఆపితే పోయేది ఒక గంట వాడకం. దక్కేది ఏమిటంటే, పూర్తిగా నిండిన సెల్ ఒక్కొక్కటి 4.2 వోల్టులు, కొన్ని కొత్త రకాల్లో 4.4 దాకా మోస్తూ, పక్కన ప్రాసెసర్ మంటలో రోజంతా ఉండాల్సిన బాధ తప్పుతుంది. ఎక్కువ వోల్టేజ్, ఎక్కువ వేడి రెండూ కలిసినప్పుడు సెల్ లోపల ద్రవం విరిగి గ్యాస్ పుట్టి, ప్యాక్ ఉబ్బడం మొదలవుతుంది. ఇంటి నుంచి పనిచేస్తూ ఏడాదంతా చార్జర్ పీకనివాళ్ల బ్యాటరీలే ఎక్కువగా ఉబ్బేది ఇందుకే. రోజూ బయట తిరిగేవాళ్లకి ఈ పరిమితి ఇబ్బందే, వాళ్లు వేగపు చార్జింగ్ ఆపితే సరిపోతుంది.

రెండో దారి ప్రాసెసర్‌ని కాస్త అదుపులో పెట్టడం. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99కి దించితే చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో టర్బో (ప్రాసెసర్ కాసేపు వేగం పెంచుకోవడం) ఆగిపోతుంది. ఒక్క శాతమేగా అనిపిస్తుంది కానీ వేడిలో తేడా చేతికే తెలుస్తుంది. ఆ ఆప్షన్ కనిపించని కొత్త మోడళ్లలో పవర్ మోడ్‌ని పొదుపు వైపు పెట్టండి.

పరుపు, దుప్పటి, దిండు మీద చార్జింగ్ వద్దు. అడుగున జాలీ మూసుకుపోతే వేడిగాలి అక్కడే తిరుగుతుంది. వెనక రెండు మూలల కింద వాటర్ బాటిల్ మూతలు రెండు పెట్టి లేపి చూడండి. ఈ చిన్న ఎత్తు చేసే పని చవక కూలింగ్ ప్యాడ్ చేసే పనికి చాలా దగ్గరగా ఉంటుంది.

చార్జర్, కేబుల్: ఏది పట్టినా సరిపోయినట్టు కాదు

చార్జర్ అడుగున సన్నటి అక్షరాల్లో అవుట్‌పుట్ అని ఉన్న చోట రెండు అంకెలు చూడాలి. వోల్టులు మీ పాత చార్జర్‌తో అచ్చంగా సరిపోవాలి. ఆంప్స్ సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండొచ్చు. 19.5 వోల్టులు, 3.33 ఆంప్స్ అని ఉంటే 65 వాట్లు. అదే వోల్టేజ్‌తో 90 వాట్ల చార్జర్ పెడితే బ్యాటరీలోకి ఎక్కువ తోసేస్తుందన్నది అపోహ. ల్యాప్‌టాప్ తనకి కావలసినంతే లాక్కుంటుంది. ప్రమాదం వోల్టేజ్ పెరిగినప్పుడు, లేదా వాట్లు తగ్గినప్పుడు. 65 వాట్లు కావలసిన చోట 45 వాట్ల గుండ్రటి పిన్ చార్జర్ పెడితే ఇటుక తన శక్తికి మించి పనిచేసి కాలుతుంది. లేదా సిస్టమ్ లోటుని బ్యాటరీ నుంచి లాగి, మళ్లీ నింపి, మళ్లీ లాగుతూ దాన్ని రోజంతా నలుపుతుంది.

డెల్, హెచ్‌పీ గుండ్రటి పిన్ మధ్యలో ఉండే సన్నటి సూది చార్జర్‌ని గుర్తుపట్టడానికి. అది వంగినా, నకిలీ చార్జర్‌లో ఆ ఏర్పాటు లేకపోయినా డెల్ చార్జర్‌ని గుర్తించలేదని చెప్పి, బ్యాటరీ నింపడం ఆపి, వేగం తగ్గించేస్తుంది. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొనేముందు ఇంకో ఒరిజినల్ చార్జర్‌తో పది నిమిషాలు చూడండి.

టైప్ సీ ల్యాప్‌టాప్ అయితే వ్యవహారం వేరు. అక్కడ చార్జర్, ల్యాప్‌టాప్ మాట్లాడుకుని 5, 9, 15, 20 వోల్టుల్లో ఒకటి ఎంచుకుంటాయి, కాబట్టి తక్కువ వాట్ల చార్జర్ ప్రమాదం కాదు, ఆలస్యం మాత్రమే. రాత్రి ఆపేసి నింపుకోవడానికి 65 బదులు 45 వాట్ల పవర్ డెలివరీ (టైప్ సీ ఉమ్మడి చార్జింగ్ పద్ధతి) చార్జర్ వాడటం వేసవిలో మంచి ఉపాయం. కేబుల్ విషయంలో జాగ్రత్త: లోపల గుర్తింపు చిప్ లేని కేబుల్ 3 ఆంప్స్ దగ్గరే ఆగుతుంది, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. 100 వాట్లు కావాలంటే 5 ఆంప్స్ అని రాసి ఉన్న కేబుల్ తీసుకోవాలి. ఫోన్ చార్జర్ మీద 67, 80 అని ఉండటం చూసి మురిసిపోవద్దు. ఆ అంకె చాలాసార్లు ఆ ఫోన్ కంపెనీ సొంత పద్ధతికే, ల్యాప్‌టాప్‌కి ఇచ్చేది అందులో చిన్న వాటా కావచ్చు.

కొత్త చార్జర్ కొంటే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొట్టి చూడండి. కంపెనీ పేరు, వస్తువు రకం అక్కడ కనిపించాలి. నంబర్ అచ్చువేయడం ఎవరికైనా తేలికే, అది మరెవరిదో అయినప్పుడు యాప్‌లోనే బయటపడుతుంది.

వోల్టేజ్ హెచ్చుతగ్గులకి స్టెబిలైజర్ కొనాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. ల్యాప్‌టాప్ చార్జర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకునేలానే తయారవుతాయి. పల్లెల్లో 170కి పడిపోయినా ల్యాప్‌టాప్‌కి వెళ్లేది అదే 19.5. ఫేజులు కలిసిపోయి 400 వచ్చినప్పుడు చార్జర్ చస్తుంది తప్ప, రోజువారీ హెచ్చుతగ్గులు బ్యాటరీ వేడికి కారణం కావు.

క్లీనింగా, కూలింగ్ ప్యాడా

రెండో పరీక్షలో ప్రాసెసర్ వేడి అని తేలినవాళ్లకే ఈ భాగం. ఈ రెండిట్లో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే క్లీనింగ్. రెండేళ్లు దాటిన ల్యాప్‌టాప్ తెరిస్తే ఫ్యాన్‌కీ రాగి రెక్కలకీ మధ్య దుమ్ము ఫెల్ట్ గుడ్డలా ఒక పొర కట్టి ఉంటుంది. బయట నుంచి ఊదితే ఆ పొర ఇంకా లోపలికి బిగుసుకుంటుంది. తెరిచి గోటితో లాగితే ముక్కగా ఊడొస్తుంది. ప్యాడ్ మీద ఎన్ని ఫ్యాన్లు తిరిగినా ఆ పొర దాటి గాలి పోదు.

సొంతంగా చేసేవాళ్లకి: పూర్తిగా షట్‌డౌన్, చార్జర్ తీయడం, ప్లస్ గుర్తు కొన ఉన్న ఫిలిప్స్ 0 స్క్రూడ్రైవర్. స్క్రూలు ఏ మూలవి ఆ మూల కాగితం మీద గుచ్చి పెట్టుకోండి, పొడవులు తేడా ఉంటాయి. పొడవాటిది పొట్టిదాని రంధ్రంలో బిగిస్తే కీబోర్డ్ వైపు పొడుచుకొస్తుంది. మూత తీశాక మొదట బ్యాటరీ కనెక్టర్ విప్పాలి, తర్వాతే మిగతావి ముట్టుకోవాలి. కనెక్టర్ కొన్నిటిలో పక్కకి జరిగి వస్తుంది, కొన్నిటిలో పైకి లేస్తుంది. లాగేముందు అది ఏ రకమో చూడండి. బ్లోయర్ వాడేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోవాలి. స్వేచ్ఛగా గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది, ఫ్యాన్ జనరేటర్‌లా కరెంటు పుట్టించి బోర్డు వైపు పంపే అవకాశమూ ఉంది. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ వద్దు, స్టాటిక్ కరెంటు ముప్పు.

థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని రాగి పలకకి చేర్చే ముద్ద) మార్చడం మూడేళ్లు దాటితేనే ఆలోచించండి. పాతది 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బియ్యపుగింజంత పెడితే చాలు. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లదనం రాదు.

కూలింగ్ ప్యాడ్ ఎవరికి పనికొస్తుందంటే, అడుగున జాలీలు ఉండి, గేములు ఆడేవాళ్లకి, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి. కొనేముందు మీ ల్యాప్‌టాప్ జాలీ ఎక్కడుందో, ప్యాడ్ ఫ్యాన్ ఎక్కడుందో రెండూ ఎదురెదురుగా వస్తున్నాయా చూసుకోండి. బ్యాటరీ ఉన్న భాగంలో జాలీ ఉండదు కాబట్టి బ్యాటరీ సొంత వేడికి ప్యాడ్ దాదాపు దండగ. ఫ్యాన్ లేని మ్యాక్‌బుక్ ఎయిర్ లాంటివాటికి మరీ దండగ.

బ్యాటరీ మార్చే వేళ ఎప్పుడు, ఏది కొనాలి

ముందు దాని ఆరోగ్యం చూడాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అని కొట్టండి. పవర్ తర్వాత సీ, ఎఫ్, జీ కలిపి ఒకే మాటగా, ఒక ఖాళీ, స్లాష్, ఆపై బ్యాటరీరిపోర్ట్ ఒకే మాటగా. ఫైల్ ఎక్కడ దాచిందో అక్కడే చెబుతుంది, బ్రౌజర్‌లో తెరవండి. డిజైన్ కెపాసిటీ 41,900 ఉండి, ఫుల్ చార్జ్ కెపాసిటీ 26,800 ఉంటే మిగిలింది 64 శాతం. 80 పైన ఉంటే బ్యాటరీ జోలికి పోవద్దు, వేడికి వేరే కారణం వెతకండి. 60 నుంచి 80 మధ్య ఉంటే పరిమితి పెట్టుకుని ఇంకో ఏడాది నడపొచ్చు. 60 లోపు ఉండి, మొదటి పరీక్షలో కూడా కాలుతుంటే మార్చేయడమే. మ్యాక్‌బుక్‌లో సెట్టింగ్స్‌లోని బ్యాటరీ దగ్గర సర్వీస్ అని వస్తే అదే గుర్తు. చాలా మ్యాక్‌బుక్‌లకి ఆపిల్ లెక్కలో ఆయుష్షు 1000 చార్జింగ్ సైకిళ్లు.

ఎంపికలు మూడు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఒరిజినల్, బయట దొరికే కంపాటిబుల్ (వేరే కంపెనీ చేసిన, సరిపోయే బ్యాటరీ), పాత ప్యాక్‌లోనే కొత్త సెల్స్ వేయించడం.

మూడోదాన్ని ముందే పక్కన పెట్టేయండి. గుండ్రటి 18650 సెల్స్ ఉన్న పాత ప్యాక్‌ల కాలంలో అది కొంత నడిచింది. ఇప్పటి పలచటి సంచి సెల్స్ ప్యాక్‌లో చార్జ్ లెక్క చూసే గేజ్ చిప్ ఉంటుంది. సెల్స్ విప్పగానే వోల్టేజ్ పోయి చాలా చిప్‌లు తమను తాము తాళం వేసుకుంటాయి. తాళం తీయగలిగినా, స్పాట్ వెల్డింగ్ బదులు సోల్డరింగ్ ఐరన్ తగిలిన సెల్, జతకి జత సరిపోని సెల్స్, ఇవే తర్వాత చార్జింగ్‌లో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ నిండి వేడెక్కేవి. మీరు వదిలించుకోవాలనుకున్న జబ్బే డబ్బిచ్చి తెచ్చుకోవడం.

ఒరిజినల్, కంపాటిబుల్ మధ్య తేడా ధరలో తరచూ రెట్టింపు దాకా ఉంటుంది. ల్యాప్‌టాప్ వయసు నాలుగేళ్ల లోపు ఉండి, ఇంకో రెండు మూడేళ్లు వాడేదైతే ఒరిజినల్‌కే మా ఓటు. ఆరేళ్ల పాతదై, పిల్లల ఆన్‌లైన్ క్లాసులకి వాడేదైతే మంచి కంపాటిబుల్ తప్పు కాదు. కాకపోతే చూసి కొనాలి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి కంప్యూటర్ల బజారు సీటీసీలో అయినా ఆన్‌లైన్‌లో అయినా మోడల్ పేరు చెప్పి అడగొద్దు, పాత బ్యాటరీ మీది పార్ట్ నంబర్ చెప్పండి. ఒకే ఇన్‌స్పిరాన్ 15 పేరుతో రకరకాల బ్యాటరీలున్నాయి.

హెచ్‌పీ 15 వరుసలో ఎక్కువగా కనిపించే హెచ్‌టీ03ఎక్స్‌ఎల్ తీసుకోండి: 11.55 వోల్టులు, దాదాపు 42 వాట్ అవర్లు. వోల్టులని ఆంప్ అవర్లతో హెచ్చిస్తే వాట్ అవర్లు రావాలి: 11.55 ఇంటూ 3.63 అంటే 41.9. అదే కొలతల పెట్టెలో 6,000 మిల్లీ ఆంప్ అవర్లు అని స్టిక్కర్ కనిపిస్తే అది అబద్ధం, అంత జాగా లోపల లేదు. వోల్టేజ్ చూసి సెల్స్ ఎన్నో చెప్పొచ్చు: 7.4 నుంచి 7.7 అంటే రెండు, 11.1 నుంచి 11.55 అంటే మూడు, 14.8 నుంచి 15.4 అంటే నాలుగు వరుసలు. ఆ సంఖ్య మారకూడదు. తయారీ తేదీ ఏడాది లోపు ఉండాలి, షాపు అరలో రెండేళ్లు పడున్న బ్యాటరీ కొత్తది కాదు. బిల్లు, కనీసం ఆరు నెలల గ్యారంటీ, బీఐఎస్ నంబర్, ఈ మూడూ లేని చోట బేరం ఎంత బాగున్నా వద్దు. ఇంకో మాట, ల్యాప్‌టాప్‌కి మూడేళ్ల వారంటీ ఉన్నా బ్యాటరీకి చాలా కంపెనీలు ఏడాదే ఇస్తాయి. ఆ ఏడాది ముగిసేలోపు ఒకసారి రిపోర్ట్ తీసి చూసుకోండి.

కొత్తది వేశాక మొదటి చార్జింగ్ మీరు మెలకువగా ఉన్నప్పుడు, కళ్లెదుట జరగాలి. 100 దాకా నింపి, 10 దాకా వాడి, మళ్లీ నింపితే శాతం లెక్క కుదురుకుంటుంది. ఆ తర్వాత మళ్లీ 80 పరిమితి.

నాలుగో దారి ఒకటుంది, బ్యాటరీ తీసేసి కరెంటు మీదే నడపడం. ఎప్పుడూ బల్ల మీదే ఉండే పాత మెషిన్‌కి, ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఇది పనికొస్తుంది. కొన్ని మోడళ్లు బ్యాటరీ లేకపోతే వేగం తగ్గించేస్తాయి, కొన్ని ఆన్ కావు. కనెక్టర్ విప్పి ఒకసారి చూస్తే తెలిసిపోతుంది. కరెంటు పోతే సేవ్ చేయనిది పోతుందన్నది మాత్రం గుర్తుండాలి.

ఎంచుకునే తీరిక లేని సందర్భం

టచ్‌ప్యాడ్ పైకి లేచింది, నొక్కితే క్లిక్ అవడం లేదు, మూత సరిగా మూసుకోవడం లేదు, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతోంది: ఇవన్నీ బ్యాటరీ ఉబ్బిన గుర్తులు. నెయిల్ పాలిష్ లాంటి తియ్యటి ఘాటు వాసన వస్తే లోపలి ద్రవం కారుతోంది. ఇక్కడ సెట్టింగ్ లేదు, పోలిక లేదు. గోడ స్విచ్ ఆపి, చార్జర్ తీసి, సిస్టమ్ ఆపేయండి. మళ్లీ చార్జ్ పెట్టొద్దు. ఉబ్బుని నొక్కి సర్దడం, సూదితో గాలి తీయడం ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే. డేటా కావాలంటే బ్యాటరీ తీయించాక హార్డ్ డిస్క్ నుంచి తీసుకోవచ్చు.

ఉబ్బిన బ్యాటరీతో విమానం ఎక్కొద్దు. పాడైన, కంపెనీ వెనక్కి పిలిచిన లిథియం బ్యాటరీలని తీసుకెళ్లనివ్వరు. 2019లో వేడెక్కుతున్నాయని ఆపిల్ కొన్ని 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలని వెనక్కి పిలిచినప్పుడు, మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా వాటిని విమానంలో తేవొద్దని ప్రయాణికులకి చెప్పింది. 2006లో డెల్ 41 లక్షల సోనీ సెల్స్ బ్యాటరీలని వెనక్కి పిలిచింది. మీ సీరియల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో ఒకసారి వెతకండి. ఆ జాబితాలో ఉంటే బ్యాటరీ ఉచితంగా మారుస్తారు.

పొగ వస్తే ముందు మెయిన్ ఆపడం, పిల్లల్ని గది బయటకి పంపడం. ఆ పొగ పీల్చకూడనిది. మంట పెద్దదైతే తలుపు మూసి 101కి ఫోన్ చేయండి.

తీసేసిన పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయొద్దు, పాత సామాన్ల బండికీ ఇవ్వొద్దు. కనెక్టర్ మీద ప్లాస్టిక్ టేపు చుట్టి, ఇనుప సామాను తగలకుండా విడిగా పెట్టి, కొత్తది కొన్న చోటో కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనో ఇచ్చేయండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే.